రాతి గోడల మట్టి మిద్దె భూకంపానికి నిలవాలంటే ఏం చేయాలి?

2024 డిసెంబరు 21, 22, 23 తేదీల్లో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరుసగా మూడు రోజులు భూమి అదిరింది. నెల్లూరు జిల్లాలో కలిగిరి, వింజమూరు వైపు కూడా ఇలాంటివి చాలాసార్లు వచ్చాయి. అన్నీ సెకన్లలో ఆగిపోయినవే. కానీ 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర వచ్చిన కంపం తీవ్రత సుమారు 5.4. తీవ్రత ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన 3 తీవ్రత ఉన్న చిన్న కంపానికీ 5.4కీ మధ్య తేడా దాదాపు 4000 రెట్లు. చిన్న కంపాలకు చెక్కుచెదరలేదు కదా అని పాత గోడను నమ్మకండి.

మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క, అంటే భారత ఫలకం, ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగదు, మన నేల కింద రాతిలో ఉన్న పాత పగుళ్ల (భ్రంశాల) మీదా పడుతుంది. అవి ఏ రోజు కదులుతాయో ముందే చెప్పే పరికరం ప్రపంచంలో ఎక్కడా లేదు. మనం బాగుచేసుకోగలిగింది ఇంటినే.

గోడ ఒకటా, రెండా?

రెండడుగుల మందం రాతి గోడ చూడ్డానికి ఒకటే. లోపల మాత్రం రెండు. బయటి వరస ఒకటి, లోపలి వరస ఒకటి, నడుమ చిల్లరాళ్లూ బంకమన్నూ. ఈ రెండింటినీ కలిపి పట్టే పొడవాటి రాళ్లు లేకపోతే, గోడ ఊగినప్పుడు నడుమ మట్టి కిందికి దిగి రెండు వరసలనూ చెరోవైపు నెడుతుంది. బయటిది వీధిలోకి, లోపలిది మంచం మీదికి పడుతుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో 6.2 తీవ్రతకే వేలమంది ప్రాణాలు పోయాయి. వాళ్లు పడుకున్నవి ఇలాంటి రాతి గోడలు, పైన బరువైన మట్టి కప్పు ఉన్న ఇళ్లే.

మేస్త్రీ వాడే గుండు దారాన్ని గోడ పైనుంచి వేలాడదీయండి. దారానికీ గోడకూ మధ్య ఖాళీని అడుగడుగుకీ కొలిచి పుస్తకంలో రాసుకోండి. నడుమ ఎక్కడైనా పొట్ట వచ్చినట్టుంటే వరసలు విడిపోతున్నాయన్నమాట. గోడలు కలిసే మూలల్లో నిలువు పగుళ్లున్నాయేమో కూడా చూడండి. పొట్ట వచ్చిన భాగానికి, రెండు వరసలనూ కలిపేందుకు కింద చెప్పిన కుట్టు పనికిరాదు. కప్పుకు ఆసరా పెట్టి, అంతవరకు విప్పి మళ్లీ కట్టించాల్సిందే.

గోడను కుట్టడం

నిటారుగా ఉన్న గోడకు అడ్డంగా, నిలువుగా మీటరుకొకటి చొప్పున గుర్తులు పెట్టండి. పై వరస గుర్తులు కింది వరస గుర్తుల మధ్యకు రావాలి.

గుర్తు దగ్గర ముందు రాళ్ల మధ్య సందు (దరజు)లోని మట్టి గీకేసి, చిన్న గునపంతో రాయిని అటూ ఇటూ మెల్లగా కదిలించి తీయండి. సుత్తి దెబ్బలు వద్దు. చుట్టూ రాళ్లు వదులైతే చేసిన మేలుకంటే కీడే ఎక్కువ. మూడంగుళాల వెడల్పున అవతలి ముఖం దాకా బొక్క చేయండి. రెండు కొసల దగ్గర కాస్త వెడల్పు, నడుమ సన్నం, డంబెల్ ఆకారంలో ఉండాలి. ఒకటి పూర్తిచేసి నింపాకే పక్కదాన్ని తెరవండి.

బొక్క తడిపి 1:2:4 కాంక్రీటు (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) సగం దాకా కూరండి. రెండు కొసలా కొక్కెంలా వంచిన 8 మి.మీ. చువ్వను అందులో పెట్టి, మిగతా సగం గట్టిగా నింపండి. చువ్వ గోడ మందం కంటే రెండంగుళాలు పొట్టిగా ఉండాలి. కొస బయటికి కనిపిస్తే తుప్పు పట్టి కొన్నేళ్లలో తెగిపోతుంది. పది రోజులు తడుపుతూ ఉండాలి. ఈ తడుపు దగ్గరే చాలామంది బద్ధకిస్తారు, దయచేసి మీరు అలా చేయకండి.

కప్పు బరువు

మిద్దె కారినప్పుడల్లా పైన కొత్త మన్ను పోస్తూ వచ్చారా? ఘనపుటడుగు మన్ను సుమారు 50 కిలోలు. 10 అడుగులకు 12 అడుగుల గది మీద అడుగు మందం ఉంటే 6 టన్నులు మీ తలల మీదే ఉన్నట్టు. మందాన్ని 8 అంగుళాలకు దించి, మధ్యలో మందపాటి పాలిథిన్ పట్ట పరిస్తే కారడమూ ఆగుతుంది. తీసిన మన్నును కప్పు మీద ఒకపక్క కుప్ప పోయకుండా అప్పటికప్పుడు కిందికి దించండి.

కొత్తగా కట్టేవాళ్లు అన్ని గోడల మీదుగా ఎక్కడా తెగకుండా లింటెల్ బెల్టు, అంటే తలుపులు, కిటికీల పైన సాగే కాంక్రీటు పట్టీ, వేయించండి. పిల్లర్లలో నిలువు చువ్వలను చుట్టే ఇనుప రింగుల కొసలను 135 డిగ్రీలు లోపలికి వంచమని మేస్త్రీకి చెప్పండి. 90 డిగ్రీల దగ్గర వదిలేస్తే ఊగినప్పుడు రింగు విచ్చుకుంటుంది.

అదిరినప్పుడు

ముందు అలమరలో గిన్నెలు గలగలమంటాయి, ఆ తర్వాత ఇల్లు ఊగుతుంది. మొదటిది వేగంగా వచ్చే అల, రెండోది బలమైనది. ఈ రెంటి మధ్య సెకన్లను 8తో గుణిస్తే కంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో పుట్టిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. రాతి మిద్దెలో వాకిలి నాలుగడుగుల్లో ఉంటే ఆ వ్యవధిలోనే బయటపడి, గోడ ఎత్తు కంటే ఎక్కువ దూరం వెళ్లిపోండి. ప్రహరీ పక్కన నిలబడొద్దు. పిల్లర్ల ఇంట్లో ఉంటే పరుగెత్తకండి, గట్టి బల్ల కింద దూరి దాని కాలు పట్టుకోండి.

కొత్తపట్నం, మైపాడు లాంటి తీర గ్రామాల్లో నేల చాలాసేపు ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తీసినా హెచ్చరిక కోసం చూడకుండా మెరక వైపు నడవండి. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర ఉదయం 6:29కి భూమి కదిలితే, రెండున్నర గంటల్లో అలలు మన కోస్తాను తాకాయి. మొదటి అల తగ్గిందని వలల కోసం వెనక్కి వెళ్లొద్దు. తర్వాతి అలలు అంతకంటే పెద్దవి కావచ్చు.

ఊపు ఆగాక గ్యాస్ రెగ్యులేటరు, కరెంటు మెయిన్ కట్టేయండి. ఆ రాత్రి ఆరుబయటే పడుకోండి, వెనక కంపాలు వస్తాయి. తెల్లారాక బయటి వైపు నుంచి గుండు దారం మళ్లీ వేలాడదీసి, పుస్తకంలోని పాత కొలతలతో పోల్చండి. ఎక్కడైనా అర అంగుళం మారినా మేస్త్రీ వచ్చి చూసేదాకా ఆ గదిలోకి ఎవరినీ పోనీయకండి.