పీఎస్5 గేమ్ కన్సోల్: బొమ్మ రాకపోయినా, 120 హెర్ట్జ్ దొరక్కపోయినా, ఎస్ఎస్‌డీ కనబడకపోయినా

తెల్ల లైటు వెలుగుతోంది, టీవీలో బొమ్మ లేదు

లైటు తెల్లగా నిలకడగా ఉంటే కన్సోల్ ఆన్ అయినట్టే. టీవీ మార్చాకో, సెట్టింగ్స్ కదిపాకో ఇలా జరిగితే, టీవీ అందుకోలేని సిగ్నల్ వెళ్తోందని అనుమానించాలి. పవర్ బటన్ 3 సెకన్లు నొక్కి పట్టుకుంటే లైటు కాసేపు మిణుకుమని ఆరిపోతుంది. పూర్తిగా ఆరాక మళ్లీ నొక్కి పట్టుకోండి. నొక్కగానే ఒక బీప్, సుమారు 7 సెకన్లకు రెండోది. రెండో బీప్ వినగానే వదిలితే సేఫ్ మోడ్ (సమస్యలు సరిచేసుకునే మెనూ) వస్తుంది. ఇక్కడ కంట్రోలర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలపాల్సిందే, బ్లూటూత్ పని చేయదు. 2వ ఆప్షన్‌లో రిజల్యూషన్ మార్చండి.

క్యాప్చర్ కార్డులో (ఆటను రికార్డు చేసే పరికరం) మాత్రమే నల్లగా వస్తే అది హెచ్‌డీసీపీ (కాపీ కాకుండా ఆపే రక్షణ) పని. సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐలోకి వెళ్లి ఆపేయండి. ఆపితే సినిమా యాప్‌లు కొన్ని ఆడవు, గేమ్‌లకు ఇబ్బంది లేదు.

టీవీ 120 హెర్ట్జ్‌దే, గేమ్ మాత్రం 60 దాటదు

హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క. ఇక్కడ ఓపిగ్గా ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. ముందు స్క్రీన్ అండ్ వీడియోలో వీడియో అవుట్‌పుట్ సమాచారం తెరిచి, 4కే వరుసలో 120 హెర్ట్జ్ ఉందో లేదో చూడండి. లేకపోతే లోపం కన్సోల్ బయట వెతకాలి.

చాలా టీవీల్లో 4కే 120 తీసుకునే పోర్టులు ఒకటో రెండో ఉంటాయి, మిగతావి 60 దగ్గరే ఆగిపోతాయి. సరైన పోర్టుకు పెట్టినా, టీవీ మెనూలో ఆ పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్ లాంటి మోడ్ ఆన్ చేయాలి. మధ్యలో పాత సౌండ్‌బార్ ఉంటే అదే అడ్డు. అలాంటి వాటిలోని హెచ్‌డీఎంఐ 2.0 మోసేది సెకనుకు 18 గిగాబిట్లే, పీఎస్5 మాత్రం 32 వరకు పంపుతుంది. కన్సోల్‌ను నేరుగా టీవీకి కలిపి, సౌండ్‌బార్‌కు టీవీ ఈఆర్క్ పోర్టు (శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ) నుంచి శబ్దం ఇవ్వండి. కేబుల్ పెట్టెలో వచ్చినదైతే చాలు. కొత్తది కొంటే అల్ట్రా హై స్పీడ్ ముద్ర చూసి కొనండి.

ఆ వరుసలో 120 కనబడుతున్నా గేమ్‌లో రాకపోతే, 120 హెర్ట్జ్ అవుట్‌పుట్‌ను ఆటోమేటిక్‌లో ఉంచి, గేమ్ ప్రీసెట్స్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకోండి. ఆ గేమ్ అసలు 120కి తయారైందో లేదో కూడా చూడాలి, అన్నీ కావు. ఆడుతుంటే బొమ్మ మధ్యమధ్య పోయి వస్తుంటే 4కే ట్రాన్స్‌ఫర్ రేటును -1కి, అప్పటికీ ఆగకపోతే -2కి దించండి. రంగుల నాణ్యత కొంచెం తగ్గుతుంది, తెర నిలబడుతుంది.

వేసిన ఎస్ఎస్‌డీ కనబడదు

ఎస్ఎస్‌డీ అంటే అదనపు నిల్వ కోసం కన్సోల్ లోపల వేసే కార్డు. అది పాత, నెమ్మది రకాలైన సాటా ఎం.2 గానీ, జెన్3 గానీ అయితే ఎంత తంటాలు పడ్డా లాభం లేదు. వేగమైన జెన్4 ఎన్‌వీఎంఈ రకం కావాలి, సెకనుకు 5,500 ఎంబీ చదవగలిగితే మంచిది. హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు పలక) తప్పనిసరి. దానితో కలిపి మొత్తం మందం 11.25 మి.మీ. దాటకూడదు, కార్డు బోర్డు పైన 8, కింద 2.45 వరకే చోటు. 2280 సైజు (80 మి.మీ. పొడవు) అయితే స్పేసర్‌ను (స్క్రూ కింద ఉండే చిన్న రింగు) 80 అని ఉన్న చోటికి జరపాలి. ఇది మరిచిపోతే స్క్రూ పట్టదు, కార్డు కాస్త లేచి ఉండి కనెక్షన్ కుదరదు. ఏటవాలుగా పూర్తిగా లోపలికి తోసి, తర్వాతే కిందికి నొక్కి బిగించండి. చివర్లో స్లాట్ మూత పెట్టడం మానొద్దు.

యూఎస్‌బీ డ్రైవ్‌లో పీఎస్5 గేమ్ మొదలవదు

అది లోపం కాదు. అందులో దాచుకోవచ్చు, ఆడాలంటే లోపలికి కాపీ చేసుకోవాలి. పీఎస్4 గేమ్‌లు అక్కడి నుంచే ఆడతాయి.

కంట్రోలర్ స్టిక్ దానంతటదే కదులుతుంది

కన్సోల్ ఆపి, కంట్రోలర్ వెనుక చిన్న రంధ్రంలో సన్నని పిన్నుతో 5 సెకన్లు నొక్కి, కేబుల్‌తో మళ్లీ జత చేయండి. తగ్గకపోతే లోపలి పొటెన్షియోమీటర్ (స్టిక్ కదలికను కొలిచే భాగం) అరిగినట్టే. గేమ్‌లో డెడ్‌జోన్ (స్టిక్ కొద్దిగా కదిలినా పట్టించుకోని పరిధి) పెంచడం తాత్కాలిక ఉపశమనం, అసలు మందు స్టిక్ మాడ్యూల్ మార్చడమే.

వేడెక్కి ఆగిపోతుంది

గోడకు 10 సెం.మీ. దూరం ఉంచండి. ప్లగ్ తీసి, పక్క ప్యానెల్ విప్పి, దుమ్ము పట్టే రెండు రంధ్రాలనూ వాక్యూమ్‌తో తక్కువ వేగంలో లాగేయండి. అప్పటికీ ఆగిపోతుంటే ఇంకా లోపలికి విప్పొద్దు. ప్రాసెసర్ మీద ఉన్నది మామూలు పేస్టు కాదు, ద్రవ లోహం. దానిలో కరెంటు పారుతుంది, చుక్క పక్కకు జారినా బోర్డు షార్ట్ అవుతుంది. అక్కడి నుంచి సర్వీస్ సెంటర్ పనే.