కొలత నేర్చుకుందాం – 4: సద్దుల మర్నాటి కాళ్లు

ఈసారి మొత్తం హెచ్ రిఫ్లెక్స్ (నరానికి చిన్న కరెంటు పల్స్ ఇస్తే వెన్నుపాము దాకా వెళ్లి కండరానికి తిరిగొచ్చే స్పందన) మీదే రాద్దామనుకున్నా. మీరు పంపిన ఒంటికాలి లెక్కలు చూశాక దాని వాటా సగానికి పడిపోయింది.

పోయిన పాఠంలో ఐదుగురు ఆడవాళ్లను కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమని, వారం తేడాతో రెండుసార్లు కొలవమన్నాను. హన్మకొండ నుంచి ఒకరు పంపినవి: మొదటిసారి 8, 11, 14, 19, 23 సెకన్లు. రెండోసారి 13, 16, 20, 24, 28. కింద 'కోరిలేషన్ 0.99 సార్, కొలత పక్కా' అని రాశారు. కోరిలేషన్ అంటే రెండు వరుసల అంకెలు కలిసి ఎంతగా పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా కలిసినట్టు.

పక్కా కాదు. ప్రతి ఒక్కరికీ ఐదారు సెకన్లు పెరిగితే కోరిలేషన్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. ముందున్నావిడ ముందే ఉందా, వెనకున్నావిడ వెనకే ఉందా అని మాత్రమే అది చూస్తుంది. టైలర్ టేపులో మొదటి అంగుళం తెగిపోయిందనుకోండి. కొలిచిన ప్రతిదీ అంగుళం ఎక్కువే చూపిస్తుంది. మంచి టేపుతో పోలిస్తే కోరిలేషన్ 1. జాకెట్లు మాత్రం అన్నీ వదులే. పది నిమిషాలు వెనక నడిచే గోడ గడియారం కూడా కోరిలేషన్‌లో ఫస్టు క్లాసే. దాన్ని నమ్మి కాజీపేట స్టేషన్‌కు బయల్దేరండి, తెలుస్తుంది. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్తలు మొత్తుకున్నది ఇదే: రెండు కొలతల మధ్య తేడాలు చూడండి.

ఇక్కడ సగటు తేడా 5.2 సెకన్లు. వాళ్ల కాళ్లకు వారంలో బలం రాలేదు, పరీక్ష అలవాటైంది. అందుకే మొదటి ప్రయత్నాలు పారేయాలి. రెండు చాలంటారు, నేను మూడు పారేస్తా.

ఇంకొకరికి రెండోసారి అందరివీ తగ్గాయి. తేదీ చూస్తే సద్దుల బతుకమ్మ మర్నాడు! రాత్రంతా ఆడిన పిక్కలు నిలబడడమే గొప్ప.

ఇక హెచ్ రిఫ్లెక్స్. 1910లో జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త హాఫ్‌మన్ వర్ణించింది. మోకాలి వెనక టిబియల్ నరానికి 1 మిల్లీసెకను పల్స్ ఇచ్చి, పిక్కలోని సోలియస్ కండరం దగ్గర రికార్డు చేస్తాం. పల్స్‌కూ పల్స్‌కూ కనీసం 10 సెకన్లు ఆగండి, లేదంటే రిఫ్లెక్స్ అణిగిపోతుంది. ముందుగా వచ్చే ఎమ్ తరంగం (పల్స్ వెన్నుపాము దాకా వెళ్లకుండా నేరుగా కండరానికి చేరి పుట్టించేది) రెండు రోజులూ ఒకే సైజులో లేకపోతే ఆ రికార్డులను పోల్చకండి. నేను నేర్చుకునే రోజుల్లో ఒకావిడ 'షాక్ కొడ్తదా సార్?' అంటూ పిడికిలి బిగించింది. హెచ్ రిఫ్లెక్స్ తరంగం అమాంతం పెరిగింది. నేను సాయంత్రం దాకా మిషన్‌నే తిట్టుకున్నా. పిడికిలి బిగించారా, పళ్లు బిగించారా, తల ఎటు తిరిగింది, మూడూ చూసుకోండి.

మిషన్ లేనివాళ్లకు అభ్యాసం: అదే ఒంటికాలి పరీక్ష, పదిమంది, మూడు రోజులు, ఒకే వేళ, చెప్పుల్లేకుండా. నెలసరి ఎన్నో రోజో అడిగి రాసుకోండి. చివరి రెండు రోజుల తేడాల స్టాండర్డ్ డీవియేషన్‌ను (తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) 1.96తో గుణించండి. ఒక మనిషిలో మార్పు అంతకన్నా తక్కువైతే 'మెరుగైంది' అని నాకు రాయొద్దు. పండగ వారం మాత్రం వదిలేయండి.