బుల్లెట్ 350 రీబోరు: పిస్టన్ కొనే ముందు చూసుకోవలసినవి

వానలు తగ్గాక దూరప్రయాణాలకని పాత బుల్లెట్ ఇంజన్ విప్పుతున్నవారు సిలిండర్‌ను రీబోరుకి, అంటే అరిగిన లోపలి రంధ్రాన్ని (బోరు) కాస్త పెద్దది చేయించడానికి, లేత్ షాపుకి పంపే ముందు ఇవి చూసుకోండి.

- పిస్టన్ చేతికి రాకముందే బోరు కొట్టించకండి. 0.50 ఓవర్‌సైజు (మామూలు కొలతకన్నా 0.50 మి.మీ. పెద్దది) అని రాసున్నా అన్నీ ఒకే కొలతలో రావు. స్కర్టును (పిస్టన్ కింది అంచు భాగం) మైక్రోమీటరుతో కొలిచి, కంపెనీ చెప్పిన క్లియరెన్స్ (పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు) కలిపి బోరు చేయించాలి. బిగువైతే పిస్టన్ వేడికి సీజ్ అవుతుంది, అంటే బోరులో పట్టేస్తుంది. వదులైతే సిలిండర్ దండగ, తీసిన ఇనుము తిరిగి రాదు.

- కంప్రెషన్ (పిస్టన్ గాలి, పెట్రోలు మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న నిష్పత్తి) లెక్క కట్టాకే హెడ్ (సిలిండర్ పైమూత) గీయించి ఎత్తు తగ్గించండి. బోరు 70 మి.మీ., స్ట్రోకు 90, అంటే 346 సీసీ. నిష్పత్తి 8 రావాలంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ 49.4 సీసీ. హెడ్ గీయించి అందులో 1 మి.మీ. ఎత్తు తగ్గితే సుమారు 3.85 సీసీ పోయి నిష్పత్తి 8.6 అవుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండే చప్పుడు) వస్తే పిస్టన్ తల గుంటలు పడుతుంది.

- డోమ్ పిస్టన్ (తల ఉబ్బెత్తుగా ఉన్నది) అయితే తలమీద క్లే ముద్ద పెట్టి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. తర్వాత విప్పి చూస్తే, వాల్వు నొక్కినచోట క్లే మందం 2 మి.మీ.కి తగ్గకూడదు.

- పిస్టన్ రింగును బోరులో దించి, ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చని రేకులు) దాని రెండు కొసల మధ్య గ్యాప్ చూడండి: సుమారు 0.28 మి.మీ. తక్కువైతే వేడికి కొసలు ఢీకొని విరుగుతుంది.

- పిస్టన్ పిన్ను జారకుండా పట్టి ఉంచే సర్‌క్లిప్‌లు కొత్తవే వేయండి.