జంట నక్షత్రం విడిపోవడం లేదా? డాబా దిగండి

పర్లాకిమిడిలో మా డాబా మీద 12 అంగుళాల డాబ్సోనియన్ (సాదా పీఠం మీద తిరిగే అద్దాల టెలిస్కోపు) పెట్టి, కర్కాటక రాశిలోని జీటా కాంక్రి నక్షత్రంలో బాగా దగ్గరగా ఉన్న జంటను రెండు చుక్కలుగా విడదీసి చూడలేక చాలా రాత్రులు బాధపడ్డాను. వాటి మధ్య ఎడం సుమారు 1.1 ఆర్క్ సెకండ్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకండు). 116ను అద్దం వెడల్పు మిల్లీమీటర్లతో భాగిస్తే వచ్చే లెక్క ప్రకారం, నా టెలిస్కోపు 0.4 దాకా విడదీయాలి. మరి అడ్డం ఏమిటి? వేడి! పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి దాకా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. పెద్ద అద్దం కూడా త్వరగా చల్లారదు. ఆ వేడికి గాలి కదిలి, బొమ్మ వణుకుతుంది.

అందుకే పెరట్లో మట్టి నేల మీద, పొద్దు గూకగానే టెలిస్కోపు బయట పెట్టి రెండు గంటలు వదిలేయండి. అద్దం వెనక చిన్న కంప్యూటర్ ఫ్యాన్ పెడితే ఇంకా మంచిది. అద్దాల అమరిక సరిచూసుకోండి. ఆ తర్వాతే 300 రెట్ల పవర్‌కు వెళ్ళండి.

మార్చి మొదట్లో రాత్రి తొమ్మిది దాటాక ఈ నక్షత్రం మన వైపు దాదాపు నడినెత్తికి వస్తుంది. అక్కడ గాలి పొర పలుచన. కన్ను తీయకుండా చూస్తూ ఉండండి, గాలి నిలకడైన ఆ ఒక్క క్షణంలో రెండు చుక్కలూ విడిగా మెరుస్తాయి.