పాత ట్రాన్స్‌ఫార్మర్లతో ఐసోలేషన్: వానలకు ముందే చూసుకోవాల్సినవి

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే చెన్నైలో డిసెంబరు దాకా నేలంతా చెమ్మే. ఆ రోజుల్లో ఎస్‌ఎంపీఎస్ (టీవీ, కంప్యూటర్ లాంటి వాటిలోని స్విచింగ్ పవర్ సప్లై) బోర్డును నేరుగా మెయిన్స్ మీద పెట్టి రిపేరు చేయడం ప్రమాదం. ఒకే రకం ట్రాన్స్‌ఫార్మర్లు రెండుంటే ఐసోలేషన్, అంటే బోర్డుకూ మెయిన్స్‌కూ మధ్య నేరు తీగ సంబంధం లేకుండా చేసే ఏర్పాటు, మనమే కట్టుకోవచ్చు. 230 వోల్టుల ప్రైమరీ (మెయిన్స్ వైపు చుట్ట), 12-0-12 సెకండరీ (రెండో చుట్ట, చివరల మధ్య 24 వోల్టులు), 5 ఆంపియర్లవి సరిపోతాయి. సెకండరీల చివరి తీగలను ఒకదానికొకటి కలిపి, మధ్య తీగలకు విడివిడిగా స్లీవ్ తొడిగి వదిలేయాలి. మొదటిదాని ప్రైమరీకి మెయిన్స్, రెండోదాని ప్రైమరీయే అవుట్‌పుట్.

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో పాతవి కొనేటప్పుడు మల్టీమీటర్ వెంట ఉండాలి. స్టెబిలైజర్లలో ఉండేవి ఎక్కువగా ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు (రెండు వైపులకూ ఒకే చుట్ట), వాటితో ఐసోలేషన్ రాదు. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య బీప్ వస్తే కొనొద్దు. మైక్రోవేవ్ ఓవెన్‌ది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు: సెకండరీలో సుమారు 2000 వోల్టులు, పైగా ఒక చివర కోర్‌కే కలిపి ఉంటుంది. ఇంటికి తెచ్చాక ప్రైమరీకీ సెకండరీకీ మధ్య, చుట్టలకూ కోర్‌కూ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టండి. 2 మెగోమ్‌లు కూడా చూపకపోతే చెమ్మ పట్టినట్టే. బల్బు వేడికి పూటంతా ఆరబెట్టినా పెరగకపోతే పారేయండి.

మొదటిసారి 60 వాట్ల ఫిలమెంట్ బల్బు మెయిన్స్ తీగలో సీరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది. తర్వాత ఫేజ్‌లో 630 మిల్లీ ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజ్ వేయాలి. మామూలు ఫ్యూజైతే ఆన్ చేసిన క్షణంలో లాగే కరెంటుకే పోతుంది. లెక్కకు 120 వీఏ (24 వోల్టులు × 5 ఆంపియర్లు) అయినా లోడు 80 దాటించొద్దు. ఆ లోడు మీద 200 వోల్టుల చుట్టుపక్కల వస్తుంది, అది సహజమే. దాన్ని పెంచాలని రెండోవైపు 24కు బదులు మొత్తం 18 వోల్టుల సెకండరీ ఉన్నది పెడితే కోర్ సాచురేట్ అయి (అయస్కాంతపరంగా నిండిపోయి) మోత, వేడి మొదలవుతాయి.

అసలు పొరపాటు ఎర్త్ దగ్గర. కోర్‌కూ ఇనప డబ్బాకూ ఎర్త్ తప్పనిసరి. అవుట్‌పుట్ తీగల్లో దేనికీ ఇవ్వొద్దు, సాకెట్ ఎర్త్ పిన్ను కూడా ఖాళీగానే ఉంచాలి. స్కోప్ (ఆసిల్లోస్కోప్) ఎర్త్ క్లిప్పు బోర్డుకు తగిలించారంటే ఐసోలేషన్ అక్కడితో పోయినట్టే, మిగతా పాయింట్లన్నీ మళ్లీ షాక్ కొడతాయి. క్లిప్పు, ప్రోబు పవర్ ఆపి తగిలించి, చేతులు తీశాకే ఆన్ చేయాలి. రెండు తీగలూ ఒకేసారి పట్టుకుంటే ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి లీకైతే కరెంటు కట్ చేసే స్విచ్) కూడా ట్రిప్ కాదు. అందుకే ఒక చెయ్యి వెనక్కి, ఒకసారికి ఒకే బోర్డు. ప్లగ్ పీకేశాక కూడా బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా మిగిలే ఉంటుంది. 10 కిలోఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌తో దించి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి.