చంద్రగిరి కొండెక్కేవాళ్లూ, ఎక్కిన దారినే దిగండి

పోయిన ఆదివారం సాయంత్రం ఇంజనీరింగ్ చదివే ముగ్గురు పిల్లలు చంద్రగిరి దగ్గర ఒక గుట్ట మీద బండకు అతుక్కుపోయి మూడు గంటలు కూర్చున్నారు. పైకి ఎక్కలేరు, కిందికి దిగలేరు. చినుకులు మొదలయ్యాయి. ఒకడు జారి పది అడుగుల కింద ముళ్లపొదలో పడ్డాడు, చీలమండ విరిగింది. మేకలు తోలుకుని ఇంటికి పోతున్న ఒక పెద్దాయన వాళ్ల కేకలు విని ఊళ్లోకి కబురు చేశాడు కాబట్టి సరిపోయింది. తాళ్లు, టార్చిలైట్లు పట్టుకుని వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇరవై ఏళ్లుగా ఈ కొండల్లో తిరుగుతున్నాను. ఇలా తాడు పట్టుకుని పోవడం ఇది ఐదోసారి. ఐదుసార్లూ తప్పు ఒకటే.

పిల్లల్ని కిందికి దించాక ఆ పెద్దాయన ఒక్క మాటే అన్నాడు. "నా మేకలే ఆ బండ మీద దిగవు నాయనా, మీరెట్ల దిగతామనుకుంటిరి?"

ఇప్పుడు కార్తీకం. వనభోజనాలు, సెలవులు, రీల్స్, అన్నీ ఒకేసారి వస్తాయి. తిరుపతికి వానలు ఎక్కువగా పడేదీ ఈ రెండు మూడు నెలల్లోనే. అందుకే ఇది రాస్తున్నాను. నీళ్లు పట్టుకెళ్లండి, మంచి బూట్లు వేసుకోండి, ఒంటరిగా పోకండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

ఆ ఒక్క తప్పు ఏమిటంటే, ఎక్కిన దారిని వదిలేసి, కింద కనపడుతున్న చోటికి అడ్డంగా దిగడం.

ఎక్కేటప్పుడు ఎవరూ ఈ తప్పు చేయరు. కాలిబాట పట్టుకుని చుట్టూ తిరిగి ఎక్కుతారు. పైన ఫొటోలు తీసుకుంటారు, పొద్దు వాలుతుంది. కిందికి చూస్తే కోటలోని రాజమహల్ అగ్గిపెట్టెలా కనపడుతుంది, పార్కు చేసిన బైకులు కూడా కనపడతాయి. ఫోన్ తీసి చూస్తే మ్యాపులో మూడు వందల మీటర్లు. "అదిగో, అక్కడే కదా!" అంటాడు ఒకడు. ఈ మాట ఎవరైనా అంటే వాడి చెయ్యి పట్టుకుని ఆపండి. ఫోన్ మీకు దూరం చెప్తుంది, లోతు చెప్పదు.

మా వైపు గ్రానైట్ గుట్టలు బోర్లించిన కుండల్లాంటివి. కుండ నెత్తిమీద చీమ నిలబడితే దానికి చుట్టూ అంతా చదునుగానే ఉంటుంది. ముందుకు నడిచేకొద్దీ వాలు పెరుగుతుంది. ఎంత పెరిగిందో అక్కడికి వెళితేగానీ తెలియదు, వెళ్లాక వెనక్కి తిరగడానికి కాలు ఆనదు. పైనుంచి చూసేవాడికి లోయ కనపడుతుంది, ఊరు కనపడుతుంది, మధ్యలో నిలువుగా ఉన్న బండ మాత్రం కనపడదు. కుండ పొట్ట దాన్ని దాచేస్తుంది. ఆ ముగ్గురూ ఇరుక్కున్నది సరిగ్గా ఆ పొట్ట దగ్గర.

ఇంకో కారణం మన ఒంట్లోనే ఉంది. ఎక్కేటప్పుడు పట్టు కళ్లముందు ఉంటుంది, చేత్తో తడిమి చూసుకుంటాం. దిగేటప్పుడు పట్టు కాళ్లకింద ఉంటుంది, చూపు అక్కడికి అందదు. అందుకే మనిషి తాను దిగలేని చోటికి కూడా ఎక్కేస్తాడు. పైగా ఈ బండలు ఎండకూ వానకూ పెచ్చులు లేస్తాయి. పెచ్చు గట్టిగా ఉన్నట్టే ఉండి బరువు పడగానే పలకలా జారుతుంది. మీద గరుసు ఇసక ఉంటే చక్రాల మీద నిలబడ్డట్టే.

చంద్రగిరి కోట కట్టినవాళ్లకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. దిగువ కోట చుట్టూ అంత పెద్ద రాళ్లతో గోడ కట్టారు కదా, కొండ ఉన్న పక్క ఆ బెంగ పెట్టుకోలేదు. ఆ పక్క కొండే గోడ. పైకోట ఉన్న ఆ బండ ఎత్తు సుమారు 180 మీటర్లు, అంటే దాదాపు ఆరు వందల అడుగులు. విజయనగరం చివరి రాజులకు ఇది రాజధాని. 1639లో మద్రాసులో కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీకి స్థలం దక్కిన ముచ్చట కూడా ఈ రాజ్యంలోనిదే. శత్రువు ఎక్కలేడని రాజులు నమ్ముకున్న బండ మీద మనం స్లిప్పర్లతో దిగుదామనుకుంటాం!

పైకోటకు వెళ్లనిస్తారా లేదా అన్నది గేటు దగ్గరే అడగండి. కాపలావాళ్లు వద్దంటే వద్దనే. పక్కనుంచి దొంగదారి ఉందని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ దారి చూపించినవాడు మిమ్మల్ని దించడానికి రాడు. శుక్రవారం రాజమహల్ మ్యూజియం సెలవు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

తిరుమల కొండల వైపు రాయి వేరు. ఘాట్ రోడ్డులో వెళ్తుంటే ఒకచోట ఈ రాళ్ల గురించి బోర్డు కనపడుతుంది. కింద ఉన్నది పాత గ్రానైట్, దానిమీద ఎన్నో కోట్ల ఏళ్ల తర్వాత పేరుకున్న పొరల రాయి. రెండింటి మధ్య గీత గీసినట్టు ఉంటుంది. ఆ పొరల రాయి అంచు దగ్గర నిలువుగా తెగి ఉంటుంది. చంద్రగిరి వైపు తప్పు చేస్తే జారి ఇరుక్కుంటారు. అటువైపు ఇరుక్కోవడం కూడా ఉండదు, నేరుగా పడటమే. కాబట్టి అక్కడా ఇదే మాట, ఎక్కిన దారినే దిగండి.

శ్రీవారి మెట్టు, అలిపిరి దారుల్లో మెట్లు ఉన్నాయి కదా అని ధీమా వద్దు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి బాగా దెబ్బతింది, బాగుచేసి మళ్లీ తెరవడానికి నెలలు పట్టింది. 2023 జూన్‌లో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్న పిల్లాణ్ణి ఎత్తుకెళ్తే ఎలాగో బతికి బయటపడ్డాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణమే పోయింది. ఆ తర్వాతే పిల్లలతో నడవడానికి వేళలు పెట్టారు, చేతికర్రలు ఇచ్చారు. అంత జనం నడిచే దారిలోనే అలా జరిగింది. పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వకండి, వెనక విడిచిపెట్టకండి. మెట్లు వదిలి పొదల్లోకి పోనివ్వకండి. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే రోజే కనుక్కోండి.

తలకోన, కైలాసకోన, ఉబ్బలమడుగు జలపాతాలకు వెళ్లేవాళ్లకు ఒకటే చెప్తాను. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన ఎక్కడో వాన పడి ఉండొచ్చు. నీళ్లు మట్టి రంగుకు తిరిగితే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే, చప్పుడు మారితే, బట్టలు ఏరుకోవడానికి కూడా ఆగకుండా గట్టెక్కండి. గుండంలోకి దూకొద్దు. నీళ్లకింద రాయి సందులో కాలు ఇరుక్కుంటే ఈత వచ్చినా లాభం లేదు.

ఇక మిగిలినవి వరసగా చెప్తున్నాను, వాదించకండి.

ఎక్కేటప్పుడే ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి ఒకసారి చూడండి. దిగేటప్పుడు దారి అలాగే కనపడుతుంది. ఎక్కేటప్పుడు చూసిన చెట్టు దిగేటప్పుడు వేరే చెట్టులా ఉంటుంది.

మధ్యాహ్నం మూడు దాటాక కొత్త గుట్ట ఎక్కొద్దు. ఈ నెలల్లో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది, కొండ నీడలో ఇంకా ముందే.

బండ మీద నల్లటి చారలు కనపడితే అవి వాననీళ్లు పారే దారులు. ఎండలో గరుగ్గా ఉంటాయి, తడిస్తే సబ్బు. వాన పడుతుంటే వాటి మీద కాలు పెట్టొద్దు. ఎక్కడున్నారో అక్కడ కూర్చోండి.

ఉరుము వినపడితే శిఖరం మీదనుంచి కిందికి రండి. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. తొందరలో అడ్డంగా దిగొద్దు. ఉరిమినా సరే, ఎక్కిన దారినే.

పొయ్యి పెట్టేముందు తలెత్తి పైకి చూడండి. బండ అంచుకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. పొగ తగిలితే అవి మిమ్మల్ని వదలవు. సెంటు కొట్టుకుని రావొద్దు.

రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు. రక్తపింజర కరిస్తే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, పసరు పోయొద్దు. కాలు కదలకుండా మోసుకుని 108లో తిరుపతి రుయా ఆసుపత్రికి చేర్చండి.

అడ్డంగా దిగి ఎలాగో కిందికి చేరినా పని అయిపోలేదు. అక్కడ మామిడి తోటలు, చెరకు పొలాలు. అడవిపందుల కోసం దొంగతనంగా కరెంటు తీగలు లాగేవాళ్లు ఉన్నారు. చీకట్లో ఆ తీగ మీకు కనపడదు. ఏనుగులు దిగేదీ ఆ పొలాల్లోకే.

శేషాచలం అడవిలోకి అనుమతి లేకుండా పోవద్దు. ఎర్రచందనం కోసం తిరిగేవాళ్లను వెతికేవాళ్లు రాత్రిపూట మీరు ట్రెక్కింగ్‌కి వచ్చారని నమ్మరు.

మందు తాగి ఎక్కొద్దు. తాగినవాడితో ఎక్కొద్దు.

ఒకడు దారి తప్పితే మిగతావాళ్లు తలో దిక్కూ పోవద్దు. అందరూ ఒకేచోట ఉండి అరవండి. విజిల్ ఉంటే ఇంకా మంచిది, గొంతు అరగంటలో పోతుంది.

ఫోన్ పాటలకు కాదు. సగం చార్జింగ్ దిగేటప్పటికి మిగలాలి. 112కు కొట్టి ఎక్కడ ఎక్కారో చెప్పండి, ఎక్కడ ఉన్నారో చెప్పలేకపోయినా వెతకడానికి అదే ఆధారం.

ఇరుక్కున్నారని తెలిసిన మరుక్షణం కదలొద్దు. "ఇంకో రెండడుగులే" అని దిగినవాడికే చీలమండ విరిగింది. మిగతా ఇద్దరూ కూర్చున్నారు, బాగున్నారు.

ఇంకా ఇరుక్కోకముందే దారి మూసుకుపోయినట్టుంటే పైకి నడవండి. ఆయాసం వస్తుంది, చీకటి పడుతుంది, పరవాలేదు. పైకి వెళ్లి మీరు వచ్చిన కాలిబాట వెతుక్కోండి.

ఆ పిల్లల బ్యాగు ఒకటి ఇంకా పైనే ఉండిపోయింది, అందులో కాలేజీ రికార్డు ఉందట. తెచ్చుకోవాలంటే ఉదయం ఆరింటికి రమ్మన్నాను. బండ మీదుగా కాదు, చుట్టూ తిరిగి.