రెక్క నొప్పి నెలల తరబడి వదలనప్పుడు: మూలం తెలుసుకోవడం, వైద్యం ఎంచుకోవడం

వీపు పైభాగాన, వెన్నెముకకు అటూ ఇటూ త్రికోణాకారంలో ఉండే పలచని ఎముకలే రెక్క ఎముకలు. ఆ ఎముక లోపలి అంచుకూ వెన్నెముకకూ నడుమ, మన చేతికి సరిగ్గా అందని చోట, ఎవరైనా బొటనవేలితో గట్టిగా నొక్కితే కాసేపు హాయిగా ఉండి, వేలు తీయగానే మళ్లీ సలపడం మొదలుపెట్టే నొప్పి చాలామందికి అనుభవమే. నిద్రలో మెడ పట్టేయడం వల్లో, బరువెత్తడం వల్లో వచ్చిన పట్టు సాధారణంగా కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మూడు నెలలు దాటినా వదలనిదాన్ని వైద్యులు దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తారు. ఈ వ్యాసం అటువంటి నొప్పి ఉన్నవారి కోసం.

వీరిలో ఎక్కువమంది నొప్పి ఉన్నచోటే బామ్ రాస్తారు, అక్కడే కాపడం పెడతారు, అక్కడే నొక్కించుకుంటారు. ఉపశమనం ఆ పూటకే పరిమితమవుతుంది. ఇందుకు కారణం, వీపులోని ఈ భాగంలో నొప్పి తెలిసే చోటు ఒకటి, నొప్పి పుట్టే చోటు మరొకటి కావడం తరచుగా జరుగుతుంది. అందువల్ల ఏ మందు వాడాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్న ప్రశ్నల కంటే ముందు, ఇది ఎక్కడి నుంచి వస్తోందన్నది తేల్చుకోవాలి.

ముందుగా, ఆలస్యం చేయకూడని సందర్భాలు

మన ఇళ్లలో వీపులో ఏ నొప్పి వచ్చినా "గ్యాస్ పట్టేసింది" అనడం పరిపాటి. సోడా తాగించి, వీపు రుద్ది పడుకోబెట్టిన మనిషికి నిజానికి వచ్చింది గుండెపోటు కావచ్చు. రెక్కల మధ్య నొప్పితో పాటు చెమటలు పట్టడం, ఆయాసం, ఛాతీ బరువెక్కడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. మధుమేహం ఉన్నవారిలోనూ, స్త్రీలలోనూ ఛాతీ నొప్పి స్పష్టంగా లేకుండానే గుండెపోటు రావచ్చు. రక్తపోటు ఉన్నవారికి రెక్కల మధ్య చీల్చినట్టుగా హఠాత్తుగా నొప్పి వస్తే గుండె నుంచి బయలుదేరే ప్రధాన రక్తనాళం గోడ చీలి ఉండవచ్చు. అది ప్రాణాపాయం.

అంత అత్యవసరం కాకపోయినా త్వరగా చూపించుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. నూనె ఎక్కువైన భోజనం తర్వాత కుడి రెక్క కింద నొప్పి వచ్చి, వికారంగా ఉంటుంటే పిత్తాశయంలో రాళ్లున్నాయేమో కడుపు స్కానింగ్‌లో తెలుస్తుంది. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ నిద్ర పట్టనివ్వని నొప్పి, ఒక వెన్నుపూస మీద తడితే ప్రత్యేకంగా నొప్పి ఉండటం వెన్నెముక క్షయకు సూచనలు కావచ్చు. దగ్గు లేకపోతే క్షయ కాదని అనుకోవడం మన దేశంలో ప్రమాదకరమైన భ్రమ. పొగతాగేవారిలో రెక్క నొప్పితో పాటు ఒక కనురెప్ప వాలడం, అదే వైపు చేతి పట్టు తగ్గడం కనిపిస్తే ఊపిరితిత్తి పైకొనను తప్పక పరీక్షించాలి. గతంలో క్యాన్సర్‌కు చికిత్స పొందినవారు కొత్తగా వచ్చిన ఈ నొప్పిని కండరాల నొప్పిగా కొట్టిపారేయకూడదు. నడక తడబడటం, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టం కావడం, మూత్రం మీద అదుపు తప్పడం వెన్నుపాము నలుగుతోందనడానికి గుర్తులు. వీపు నుంచి ముందుకు ఒక పట్టీలా మంట పుట్టి, కొన్ని రోజుల్లో పొక్కులు లేస్తే అది సర్పి. పొక్కులు కనిపించిన 72 గంటలలోపు మందు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

మూలం ఎక్కడ

పైవేవీ కావని తేలాక మొదట అనుమానించవలసింది మెడను. 1959లో అమెరికా శస్త్రవైద్యుడు రాల్ఫ్ క్లోవర్డ్ మెడలోని డిస్కులను (వెన్నుపూసల నడుమ ఉండే మెత్తలను) సూదితో ప్రేరేపించి చూసినప్పుడు, రోగులు నొప్పి మెడలో కాక రెక్క ఎముక లోపలి అంచున తెలుస్తోందని చెప్పారు. మెడ నరం ఒత్తిడికి గురైనప్పుడు చేతిలో తిమ్మిరి మొదలు కావడానికి కొన్ని రోజుల ముందే రెక్క దగ్గర నొప్పి రావడం కూడా తరచుగా కనిపించేదే. గడ్డం పైకెత్తి నొప్పి ఉన్న వైపుకు మెల్లగా తల తిప్పినప్పుడు నొప్పి పెరిగి చేతిలోకి జారుతుందేమో, అదే చేతిని నెత్తిమీద పెట్టుకుంటే తగ్గుతుందేమో గమనించండి. రెండూ నిజమైతే మెడే మూలమన్న అనుమానం బలపడుతుంది. తిమ్మిరి ఏ వేలిలో ఉందన్నది కూడా ఉపయోగపడే సమాచారం. బొటనవేలి వైపు అయితే మెడలోని ఆరవ నరం, నడివేలు అయితే ఏడవది, చిటికెన వేలు అయితే ఎనిమిదవది ఇరుకున పడి ఉండవచ్చు.

రెండవది భుజం కీలు. చేతిని పూర్తిగా పైకెత్తినప్పుడు ఆ కదలికలో దాదాపు మూడింట రెండు వంతులు కీలులో జరిగితే, మిగతా వంతు రెక్క ఎముక జరగడం వల్ల సాధ్యమవుతుంది. కీలు బిగుసుకుపోతే లోటును రెక్క కండరాలే పూడ్చాలి. మధుమేహ రోగులలో భుజం బిగుసుకోవడం ఎక్కువ. వెనక్కి చెయ్యి పెట్టి జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోవడం, వెనక జేబులోంచి పర్సు తీయలేకపోవడం దీనికి తొలి గుర్తులు. ఇటువంటి వారికి రెక్క మీద ఎంత మర్దన చేసినా, భుజాన్నీ చక్కెరనూ పట్టించుకోకపోతే ప్రయోజనం ఉండదు.

మూడవది, అందరూ మొదట అనుకునేది, కండరాలు. రెక్క ఎముక పక్కటెముకలతో కీలు ద్వారా కలవదు. ముందువైపు కంటె ఎముక ఒక్కటే దానికి అస్థిపంజరంతో ఉన్న బంధం. మిగిలిన భారమంతా పదిహేడు కండరాలదే. రెండు చేతులూ ముందుకు చాచి గంటల తరబడి కదలకుండా చేసే పని ఏదైనా ఈ కండరాలను సాగదీసి ఉంచుతుంది. మాదాపూర్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఉద్యోగికీ, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో ఒళ్లో చాట పెట్టుకుని తలవంచి బీడీలు చుట్టే మహిళకూ, కుట్టుమిషను మీద వంగే దర్జీకీ నొప్పి ఒకే చోట రావడంలో వింత లేదు. మొదటి వ్యక్తికి కుర్చీ మార్చుకునే వీలుంది, రెండవ వ్యక్తికి లెక్కకు తగినన్ని బీడీలు చుట్టక తప్పదు కాబట్టి, సలహాలు ఇచ్చేవారు ఆ తేడాను గుర్తుంచుకోవాలి.

గోడకు రెండు చేతులూ ఆనించి నెట్టినప్పుడు ఒక వైపు రెక్క ఎముక వీపు నుంచి లేచి కనిపిస్తే నరం దెబ్బతిని ఉండవచ్చు. మెడలో గడ్డ తీయించుకున్న తర్వాత ఇలా జరిగితే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు పొడిచినట్టుంటే పక్కటెముకల కీళ్లను, యువతలో ఉదయం అరగంటకు మించి బిగుతు ఉంటే కీళ్లవాపు జబ్బులను, ఒళ్లంతా నొప్పులు ఉంటే థైరాయిడ్, డి విటమిన్ లోపాలను పరీక్షించాలి.

వైద్యుని దగ్గరికి వెళ్లేటప్పుడు

ఓపీలో మనకు దొరికే సమయం తక్కువ. కాబట్టి ఒక కాగితం మీద విషయం రాసుకుని వెళ్లడం మేలు. "కుడి రెక్క లోపలి అంచున, ఐదు నెలలుగా. మధ్యాహ్నం నుంచి పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. నడివేలిలో అప్పుడప్పుడు తిమ్మిరి. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. షుగర్ ఉంది. ఫలానా మాత్ర పది రోజులు వాడాను, కడుపులో మంట వచ్చింది." ఇంత చాలు. "డాక్టరు గారూ, వీపంతా ఒకటే నొప్పండీ" అన్న మాట కంటే ఇది ఎన్నో రెట్లు పనికొస్తుంది. మొదట ఎముకల వైద్యుణ్ణి గానీ, నమ్మకమైన జనరల్ ఫిజీషియన్‌ను గానీ కలవవచ్చు. ఎయిమ్స్ వంటి బోధనాసుపత్రుల్లో ఉండే ఫిజికల్ మెడిసిన్ విభాగం (ఆపరేషన్ లేకుండా నొప్పినీ కదలికనూ బాగుచేసే విభాగం) ఇటువంటి నొప్పులకు బాగా తగినది, కానీ అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

ఎంఆర్ఐ తీయించుకుంటే అంతా తేలిపోతుందన్న నమ్మకం సరైనది కాదు. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎంఆర్ఐ తీసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో 87.6 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. కాబట్టి రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని ఉన్నంత మాత్రాన అదే నొప్పికి కారణమని చెప్పలేం. చేతిలో బలహీనత, పెరుగుతున్న తిమ్మిరి, పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉన్నప్పుడు, లేదా ఆపరేషన్, ఇంజెక్షన్ ఆలోచన ఉన్నప్పుడు ఎంఆర్ఐ అవసరం. మిగతావారికి వైద్యుడు చేతితో చేసే పరీక్షే ముఖ్యం. చొక్కా తీయించి చూడకుండా, మెడా భుజమూ కదిలించి చూడకుండా మందులు రాసిచ్చే చోట రెండవ అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు.

మందులు ఎంతవరకు

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొద్దిరోజులకు ఉద్దేశించినవి. మందుల షాపులో పాత చీటీ చూపించి నెలల తరబడి కొనుక్కుంటే కడుపులో పుండ్లు, మూత్రపిండాల నష్టం, రక్తపోటు పెరగడం వంటి ముప్పులుంటాయి. ఇప్పటికే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బులున్నవారు వైద్యుణ్ణి అడగకుండా వీటిని ముట్టకూడదు. నరం మూలంగా వచ్చే నొప్పికి ప్రీగాబలిన్ వంటివి ఇస్తారు. అవి మగతను కలిగిస్తాయి కాబట్టి మొదటి రోజుల్లో బండి నడపకపోవడం మంచిది, వాటిని హఠాత్తుగా మానడమూ మంచిది కాదు. ఊళ్లో ఒక్క సూదితో నొప్పి మాయం చేస్తామనేవారి దగ్గర, పేరు లేని పొట్లాల్లో పొడులు అమ్మేవారి దగ్గర స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. వేసుకున్న మర్నాడే అద్భుతంగా తగ్గడమే అనుమానించడానికి తగిన కారణం.

బామ్‌ల విషయంలో అంత కఠినంగా ఉండనక్కరలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన నాటి నుంచీ తెలుగువారి ఇంట్లో ఆ వాసన తెలియనివారు లేరు. చర్మంపై చల్లదనం, వేడి పుట్టించి లోపలి నొప్పి నుంచి దృష్టి మళ్లించడం వీటి పని, అంతకు మించి ఆశించకపోతే చాలు. సెలూన్‌లో క్షవరం తర్వాత మెడను పట్టుకుని ఇటూ అటూ టక్కున విరవడం మాత్రం ఒప్పుకోకండి. మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

వ్యాయామం: అసలు వైద్యం

కండరాల మూలంగా వచ్చిన నొప్పికైనా, మెడ నుంచి వచ్చిన నొప్పిలో ఎక్కువ భాగానికైనా నిలకడగా పనిచేసేది వ్యాయామమే. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడమని చాలామంది అనుకుంటారు. కరెంటు, వేడి, అల్ట్రాసౌండ్ వల్ల వచ్చే ఉపశమనం తాత్కాలికం. పది సిట్టింగులు పూర్తయినా ఒక్క వ్యాయామమైనా నేర్పని క్లినిక్‌కు డబ్బు పోయడం దండగని నా అభిప్రాయం.

ఇంట్లో చేసుకోదగినవి నాలుగు. కూర్చుని, చూపు నేరుగా ఉంచి, తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి జరపండి. మెడ కింద చర్మం మడత పడినట్టు కనిపించాలి. ఐదు సెకన్లు ఆగి వదలండి. రెండవది, తువ్వాలును గట్టిగా చుట్టి రెక్కల కింది భాగంలో వెన్నుకు అడ్డంగా పెట్టుకుని వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ తల వెనక్కి చాపి ఒకటి రెండు నిమిషాలు నిదానంగా ఊపిరి తీసుకోవడం. మూడవది, గోడకు చేతులు ఆనించి, మోచేతులు వంచకుండా, రెండు రెక్కల మధ్య వీపును వెనక్కి నెడుతున్నట్టుగా గోడను నెట్టడం. నాలుగవది, కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి రెండు చివరలూ పట్టుకుని, మోచేతులు పక్కటెముకలకు రాసుకునేలా వెనక్కి లాగడం. లాగేటప్పుడు భుజాలు చెవుల వైపు లేస్తుంటే పట్టీ బిగువు ఎక్కువైందని అర్థం. ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు రెండు పూటలతో మొదలుపెట్టవచ్చు. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉండి మర్నాటికి సర్దుకుంటే కొనసాగించండి. మర్నాడు కూడా ఎక్కువగా ఉంటే సగానికి తగ్గించండి, మానేయకండి. చేతిలోకి తిమ్మిరి జారితే మాత్రం ఆపి, ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే వైద్యుణ్ణి మార్చేవారికి ఏ వైద్యమూ పనిచేసే అవకాశం రాదు.

నొప్పితో రోజు గడపడం

రోజంతా ఛాతీ విరుచుకుని నిటారుగా కూర్చోవాలన్న సలహా వల్ల కొందరికి నొప్పి పెరుగుతుంది కూడా. ఏ భంగిమైనా ఎక్కువసేపు కదలకుండా ఉంటేనే చేటు. అరగంటకొకసారి లేవడం, లేవలేని పనిలో కనీసం భుజాలు గుండ్రంగా తిప్పడం, కూర్చునే చోట మోచేతుల కింద ఏదైనా ఆనుకోవడానికి పెట్టుకోవడం ఎక్కువ ఉపయోగపడతాయి. నేలమీద కూర్చుని పనిచేసేవారు గోడకు ఆనుకుని, చాటను పీట మీదికి ఎత్తుకుంటే తల వంపు తగ్గుతుంది. వంటింటి గట్టు మరీ ఎత్తుగా ఉంటే చపాతీలు వత్తేటప్పుడు భుజాలు పైకి లేస్తాయి. చిన్న పీట మీద నిలబడినా, బల్ల మీద కూర్చుని వత్తినా ఆ ఇబ్బంది ఉండదు. పక్కకు తిరిగి పడుకునేవారు నొప్పి ఉన్న చేతికింద ఒక దిండు పెట్టుకుంటే రెక్క ముందుకు లాగినట్టు ఉండదు.

నొప్పి ఒక్కసారిగా పెరిగే రోజులు తప్పవు. అటువంటప్పుడు పని తగ్గించుకుని, కాపడం పెట్టుకుని, తేలికైన నడక మాత్రం కొనసాగించాలి. రెండు మూడు రోజులకు మించి మంచమెక్కితే కండరాలు ఇంకా బలహీనపడతాయి. నిద్ర చెడినా, మనసు కుంగినా ఇదే నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుంది. ఆ సంగతి వైద్యునికి చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు, నొప్పి కల్పితమని ఎవరూ అనుకోకూడదు.

పన్నెండు వారాలు క్రమం తప్పకుండా చేసినా ఏ మార్పూ లేకపోతే వ్యాయామాన్ని తిట్టుకునే ముందు మూలాన్ని సరిగ్గా గుర్తించామా అని వైద్యునితో కలిసి మళ్లీ చూడాలి. రెక్క అనుకున్నది మెడ కావచ్చు, మెడ అనుకున్నది భుజం కావచ్చు. మూలం సరైనదేనని తేలినప్పుడు, కండరంలో ముడిపడిన చోట వేసే ఇంజెక్షన్ల వంటివాటి కోసం పెయిన్ క్లినిక్‌లను సంప్రదించవచ్చు. ఇంజెక్షన్ వల్ల వచ్చిన ఉపశమనాన్ని వ్యాయామం పెంచుకోవడానికి వాడుకోవాలి. మెడ ఆపరేషన్ అన్నది చేతిలో బలం తగ్గుతున్నవారికో, వెన్నుపాము నలుగుతున్నవారికో, ఇన్ని చేసినా నరం నొప్పి భరించలేనివారికో మాత్రమే ఆలోచించవలసినది. కేవలం రెక్క నొప్పి కోసం ఆపరేషన్ చేయించుకోమని ఎవరైనా అంటే, ఎంఆర్ఐ ఫిల్ములు చేతపట్టుకుని మరొక స్పైన్ సర్జన్‌కు చూపించిన తర్వాతే నిర్ణయించుకోండి.